చిట్టెమ్మ నమోదుకి పనికిరాని ఫోను

జనవరి 30, గురువారం, ఉదయం పదిన్నర. పలాస, సెల్‌ఫోన్ల దుకాణం. హాజరు: నేను, దుకాణం యజమాని గోవిందరావు.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. అప్పుడు నేను ఉద్దానం తీరంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. ఊళ్లలో తిరిగే ఏఎన్ఎంలు చేసిన నమోదులు సరిచూడటం నా పని. రిటైర్మెంటుకి ఏడు నెలలుంది. శాఖ ఇచ్చిన ట్యాబ్ పాడైతే, కొత్తది వచ్చేదాకా సొంత ఫోన్లు వాడమన్నారు. నా దగ్గరున్నది బటన్ల ఫోను.

తొందరంతా చిట్టెమ్మ గురించి. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు ఒలిచిన మనిషి. కిడ్నీలు పాడై వారానికి రెండుసార్లు వ్యానులో పలాసకి డయాలసిస్‌కి వెళ్తుంది. నెలాఖరులోగా యాప్‌లో గుర్తింపు నమోదు కాకపోతే వచ్చే నెల వ్యాను జాబితాలో పేరుండదు. వేలిముద్ర రెండుసార్లు పడలేదు. "జీడిసొన తినేసిన వేళ్లు బాబూ, ముద్రలేటి మిగుల్తాయి?" అంది. ఇక మిగిలింది ముఖం ఫొటో.

గోవిందరావు అందరినీ అడిగేదే నన్నూ అడిగాడు. "మీ ఇంట్లోవోళ్లు ఏటి వాడతారండి? అదే తీసుకుంటే ఫొటోలు గట్రా పంపుకోడం సులువు."

ఇంట్లో నేనొక్కణ్ణే అన్నాను. అతను టీ తెప్పించాడు.

డైరీలో రెండు గడులు గీశాను. ధర, రిపేరు, ఎక్కడైనా ఛార్జరు దొరకడం ఆండ్రాయిడ్ వైపు వెళ్లాయి. కెమెరా, ఎక్కువ కాలం అప్‌డేట్లు, రోగుల వివరాల భద్రత ఐఫోన్ వైపు. ముఖం ఫొటోయే ముఖ్యమని కెమెరాకి రెండు మార్కులు వేసి ఐఫోన్ కొన్నాను.

మర్నాడు మధ్యాహ్నం చిట్టెమ్మ ఇంటి అరుగు మీద తెలిసింది. మా యాప్ శాఖ గ్రూపులో ఫైలుగా వస్తుంది. నొక్కి ఎక్కించుకోవాలి. అది ఆండ్రాయిడ్‌లో మాత్రమే ఎక్కుతుంది. ముప్పై ఐదేళ్లు ఇతరుల ఫారాల్లో ఖాళీలు పట్టుకున్నవాణ్ణి, నా పట్టికలో ఆ ఖాళీ చూసుకోలేదు.

ఆ ఊరి ఏఎన్ఎం కామేశ్వరి టెక్కలిలో శిక్షణలో ఉంది. ఫోన్ చేశాను. "ముందొక్క మాటడిగితే సెప్పేదాన్ని కదండీ! ఆమెని ఆటో ఎక్కించి తెచ్చీండి," అంది.

టెక్కలి చేరేసరికి నాలుగున్నర. యాప్ కళ్లు ఆర్పమంటుంది. చిట్టెమ్మ నీరసంతో మూసిన కళ్లు తెరవదు. కామేశ్వరి పాత ఆండ్రాయిడ్ ఫోను మూడోసారికి ఆమె ముఖాన్ని ఒప్పుకుంది. చిట్టెమ్మ నా చేతిలోది చూసి, "మరిదేటికి బాబూ?" అంది.

"సారు మొహం సారు సూసుకోడానికి," అంది కామేశ్వరి.

పరికరం కొనేముందు దానితో రోజూ ఆ పని చేసేవాళ్లని అడగాలి. నా కింద ఏడుగురు ఏఎన్ఎంలుండగా ఒక్కరినీ అడగలేదు. ఒక్కడే నిర్ణయించుకోవడం అలవాటైతే అదే పద్ధతి అనిపిస్తుంది.

మర్నాడు ఉదయం వ్యాను జాబితాలో చిట్టెమ్మ పేరు చూసుకుని పలాస వెళ్లాను. గోవిందరావు ఐఫోన్ తీసుకుని ఆండ్రాయిడ్ ఇచ్చాడు. ఇందులోవి అందులోకి మార్చడానికి గంటైనా పడుతుంది, కూర్చోమన్నాడు. తెరిచి చూశాడు. ఫొటోలు లేవు. పదకొండు నంబర్లు, అన్నీ ఆఫీసువే.

నేను కుర్చీ లాక్కునేలోపే, "అయిపోయిందండి," అన్నాడు.