ఆపా ఎగరేసిన హెలికాప్టర్

ఆపా పోయిందని పోయిన శుక్రవారం పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే పోయిందట. "భయపడే టైం కూడా లేదులే అక్కా," అంది ఆ పిల్ల. నాకు అక్కడే ఏడుపొచ్చింది. ఆపా అంతగా భయపడే మనిషిని, ఆ భయాన్ని ఎవరి దగ్గరా దాచుకోని మనిషిని నేను మరొకరిని ఎరగను.

ఎనభైల చివర్లో నరసరావుపేటలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆమె సైన్సు టీచరు. నేను తెలుగు చెప్పడానికి కొత్తగా చేరాను. పక్కపక్క వాటాల్లో ఉండేవాళ్ళం. వాళ్ళ చెల్లెలు ఉర్దూలో 'అక్క' అని పిలిచినట్టే నేనూ ఆపా అని పిలిచేదాన్ని. ఆమె భర్త కువైట్‌లో క్రేన్ నడిపేవాడు. ఒకసారి సెలవుకొస్తూ జపాన్‌లో తయారైన హెలికాప్టర్ తెచ్చాడు. బొమ్మే గానీ, పిల్లలు ఆడుకునేది కాదు. రెక్కలు విప్పితే రెండు మూరలుండేది. బ్యాటరీతో మోటారు తిరిగేది. చేతిలో పట్టుకున్న రేడియో పెట్టె మీద పుల్లలు కదిపి నడపాలి. సెలవైపోయి ఆయన వెళ్ళిపోయాడు, అది ఆపా దగ్గర మిగిలింది.

రెక్కలెంత వేగంగా తిరుగుతున్నాయో కొలిచే సాధనం మాకు లేదు. ఆపా టేప్ రికార్డర్ పక్కన పెట్టి ఆ చప్పుడు రికార్డు చేసేది. ఇంటి కబుర్లతో పాటు ఆ క్యాసెట్ కువైట్ వెళ్ళేది. ఆయన విని, "చానా సన్నగా కూస్తా ఉంది. వేగం తగ్గించు," అని తిరుగు క్యాసెట్‌లో చెప్పేవాడు. మొగుడూ పెళ్ళాల ముచ్చట్లు అట్లా ఉండేవి.

ఆదివారాలు చిలకలూరిపేట రోడ్డు పక్కన దున్నని చేలో ఎగరేసేవాళ్ళం. వాచీ చూసి టైం చెప్పడం నా పని. ఒకరోజు అది నేల మీదనుంచి లేస్తుండగానే ఒక రెక్క ఊడి, నా చెవి పక్కనుంచి పోయి గట్టులో దిగబడింది. ఆపా పెట్టె కింద పెట్టి నా దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. నా మొహమంతా తడిమింది. తర్వాత అక్కడే మట్టిలో కూలబడి, "నాకు భయమేసింది అమ్మాయ్. కాసేపుండి పోదాం," అంది.

ఆ తర్వాత ఆమె మోటారుకున్న పళ్ళచక్రం తీసి ఇంకా చిన్నది వేసింది. దాంతో రెక్కలు నిదానంగా తిరుగుతాయి. ఆ లోటు తీరేందుకు రెక్కల వాలు కాస్త పెంచింది. అంతకుముందు మూడు నిమిషాలకే నీరసపడే బ్యాటరీ ఇప్పుడు నాలుగు దాటింది. అయితే గాలి తోస్తే మాత్రం మునుపటిలా వెంటనే నిలదొక్కుకునేది కాదు, ఒకవైపు ఒరిగిపోయేది.

"పాతదే నయం ఆపా. గాలికి నిలిచేది," అన్నాను.

"దాని వేగం చూస్తే నాకు భయం. ఇదైతే దించుకోడానికి టైం ఉంటది. నాకు టైం కావాల."

ఆ ఏడు స్కూలు వార్షికోత్సవంలో దాన్ని ఎగరేయమని హెడ్మిస్ట్రెస్ అడిగారు. ఆపా మొదట ఒప్పుకోలేదు. చుట్టూ తాడు కట్టిస్తామని, పిల్లలెవరూ లోపలికి రారని మాటిచ్చాక ఒప్పుకుంది. హెలికాప్టర్ బడి కప్పు ఎత్తుకు లేచింది. ఒక్కసారిగా చప్పట్లు. బయట గుమిగూడిన జనం గోడ దూకి లోపలికొచ్చారు. ఆ తోపులాటలో తాడు తెగింది. కూర్చున్న పిల్లలంతా లేచి, తలలెత్తి, దాని కిందికి పరిగెత్తారు. అదే సమయానికి దుమ్ము లేపుతూ గాలి వచ్చింది. హెలికాప్టర్ ఒరిగింది.

"టైం ఎంత?" అంది ఆపా, చూపు దించకుండా.

"దించే టైం దాటిపోయింది ఆపా."

"పిల్లల్ని తియ్యి. నా సంగతి వదిలెయ్."

నేను దాని కిందికి వెళ్ళాను. దొరికిన పిల్లనల్లా చెయ్యి పట్టి లాగాను. వాళ్ళు నవ్వుతున్నారు. ఇదీ ఆటలో భాగమనుకున్నారు. ఒకరిని లాగితే ఇద్దరు వచ్చేవాళ్ళు. పైన చప్పుడు సన్నగిల్లి బొంగురుపోవడం మొదలైంది. బ్యాటరీ అయిపోతోందని ఆ మైదానంలో మా ఇద్దరికే తెలుసు. ఏ తల మీద పడుతుందో తెలియదు. నేను కళ్ళు మూసుకుని, చేతికందిన ఇద్దరు పిల్లల తలలు నా పొట్టకు అదుముకున్నాను.

కళ్ళు తెరిచేసరికి అది నా మీద లేదు. జనమంతా హెలికాప్టర్ వెంట రావడంతో ఆపా చుట్టూ ఖాళీ అయింది. ఆ ఒక్క చోటే మనుషుల్లేరు. ఆమె దాన్ని తన వైపే లాక్కుంటూ వెనక్కి నడుస్తోంది. వీపు గోడకు తగిలింది. ఇక వెళ్ళడానికి చోటు లేదు. మనిషెత్తుకు దిగాక మోటారు ఆగిపోయి, అది ఆమె కాళ్ళ ముందు పడింది. విరిగిన రెక్క ఎగిరి ముంజేతిని చీల్చింది.

"పిల్లలకేం కాలేదుగా?" అంది. కాలేదన్నాను. మళ్ళీ అడిగింది. రక్తం కారుతున్న చేతిని చూసుకోకుండా మళ్ళీ అడిగింది.

నెల తిరక్కముందే కొత్త రెక్కలు బిగించింది. భయం పోయిందా అని అడిగితే, "ఎందుకు పోద్ది? భయముంటేనే చెయ్యి నిదానంగా కదులుద్ది," అంది. తర్వాతెన్నడూ జనంలో ఎగరేయలేదు. నాకు భయమైన పని ఏది ఎదురైనా ఆ మాటే తలుచుకుని, కాస్త నిదానించి చేశాను. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

కానీ ఆమెను తలుచుకోగానే నాకు కనిపించేది ఆ వార్షికోత్సవం నాటి సాయంత్రమే. డాక్టరు కుట్లు వేశాక ఇంటికి పొమ్మంటే వినలేదు. బడి వరండా మెట్ల మీద కూర్చుని, హెలికాప్టర్ కిందికి పరిగెత్తిన పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిపించింది. జడలు విప్పి, పాయలు తీసి, మాడు మీద ఎక్కడన్నా గీరుకుందేమోనని వేలితో తడిమి చూసి, మళ్ళీ జడలు వేసి పంపింది. చివరికి ఆరో క్లాసు పిల్ల ఒకతె మిగిలింది. కట్టు కట్టిన చేతితో రిబ్బను ముడి పడటం లేదు. ఆపా విప్పి మళ్ళీ మళ్ళీ కడుతోంది. ఆ పిల్ల వెనక్కి తిరగలేదు, తొందరపెట్టలేదు. మెడ వంచి, అట్లాగే కదలకుండా నిలబడింది.