నేను ఇవ్వని మాత్ర

అరవైల మొదట్లో నెల్లూరులో నర్సు చదువు చదివిన మూడేళ్లలో నా మీద రాసిన ఫిర్యాదు ఒక్కటే. అది ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా చెప్పగలను: "పైవారి మాట వినదు. సొంత బుద్ధి ఎక్కువ."

మా వార్డులో నాడిని పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేసేవారు. పని ఎక్కువైతే అదీ లేదు; పొద్దుటి అంకెనే చార్టులో పక్క గడిలోకి దింపేవారు. వార్డు సిస్టరుకు ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను.

విడవలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు డాక్టరు గారు గుండె మాత్ర రాశారు. నాడి అరవై కన్నా తగ్గితే ఆ మాత్ర ఇవ్వకూడదని మాకు పాఠం చెప్పింది ఆ సిస్టరే. ఆయన చార్టులో మూడు రోజులుగా డెబ్బై రెండే. మనిషి గుండె అంత బుద్ధిగా కొట్టుకుంటుందా? పైగా అన్నం చూస్తే వాంతి వస్తోందంటున్నాడు; ఆ మాత్ర ఒంటికి ఎక్కువైందనడానికి అదీ గుర్తే. నిండు నిమిషం చూశాను. యాభై రెండు. మళ్లీ చూశాను.

"ఏందమ్మా, చెయ్యి వదలవా? నా పెండ్లినాడు గూడా ఇంతసేపు పట్టుకోలా," అన్నాడాయన.

సిస్టరు వచ్చింది. "మాత్ర ఇచ్చినావా?"

"లేదు సిస్టర్. నాడి యాభై రెండే ఉండాది."

"పొద్దున డెబ్బై రెండు రాసిండారే. నీకొక్కదానికే లెక్కలొచ్చా?"

"మీరే ఒకసారి చూడండి."

ఆమె ఆయన చెయ్యి ముట్టలేదు. నేరుగా వెళ్లి వార్డు పుస్తకంలో నా మీద ఫిర్యాదు రాసింది. సాయంత్రం డాక్టరు గారు చూసి మాత్ర ఆపించారు. ఫిర్యాదును మాత్రం ఎవరూ కొట్టేయలేదు. అది ఉంటే బోర్డు పరీక్షకు పేరు పంపరేమోనన్నారు. పరీక్ష లేకపోతే నర్సుగా రిజిస్ట్రేషన్ లేదు. ఏమనుకున్నారో, చివరి రోజున పంపారు.

నోటి పరీక్షనాడు బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలితో మా సిస్టరు వరండాలో గుసగుసలాడటం కళ్లారా చూశాను. నా ముందు వాళ్లను పక్క పరవడం గురించి అడిగారు. నన్నేమో, "గుండె రోగికి మాత్ర రాసుంది. నాడి యాభై రెండు. ఏం చేస్తావు?" అన్నారు.

సరిగ్గా యాభై రెండే! తలుపు పక్క కిటికీలోంచి సిస్టరు బయటకు చూస్తోంది. ఇవ్వనంటే ఫిర్యాదు నిజమవుతుంది, ఇస్తానంటే తప్పుతాను.

"ఇవ్వను. నిండు నిమిషం మళ్లీ చూసి డాక్టరు గారికి చెబుతాను."

"సిస్టరు ఇవ్వమంటే?"

"ఆమెనూ చెయ్యి పట్టి చూడమంటాను."

పాసయ్యాను.

"నిన్ను గట్టెక్కియ్యనే సిస్టరు ఆ ప్రశ్న అడిగించింది మే," అంది నా గది స్నేహితురాలు.

"ఆ ఫిర్యాదు కొట్టేస్తే సరిపోయేది గదా?" అన్నాను.

రిజిస్ట్రేషన్ కాగితం వచ్చిన రోజున ఆ పుస్తకం చూపమన్నాను. ఫిర్యాదు అలాగే ఉంది. కలం మూత తీసి సిస్టరు ముందు పెట్టాను.

"పాసయినావు గదమ్మా, ఇంకేం కావాల?" అంది.

"అదే సిస్టర్. పాసయినాను. ఇప్పుడు కొట్టేయండి."

ఆమె కలానికి మూత పెట్టి నా చేతికిచ్చింది.