పడిపోవలసిన గోడ

పలాసలో మా ఇంటి అటక మీద ఒక ఆకుపచ్చ ట్రంకు పెట్టె ఉంది. దాని మూత తీస్తే చాలు, ఇన్నేళ్లయినా కొబ్బరినూనె వాసనా ఎండు నెత్తళ్ల చేపల వాసనా కలిసి గుప్పున ముక్కుకి తగులుతాయి. "ఆ కంపు పెట్టెని పాతసామాన్లవాడికి ఇచ్చెయ్యకూడదా" అని మా ఆయన ఏడాదికోసారైనా అడుగుతారు, నేను ఏడాదికోసారైనా ఆయనతో దెబ్బలాడతాను. ఇవ్వడానికి అది మాది కాదు కదా! ఉద్దానం తీరంలో చేపలు పట్టేవాళ్ల ఊరి నుంచి టెక్కలికి కాలేజీ చదువుకొచ్చి, మా పెరటి గదిలో మూడేళ్లు అద్దెకున్న గురుమూర్తిది. "మల్లీ వొచ్చి అట్టుకెల్తాను మామ్మా, ఉంచు" అని మా మామ్మకి, అంటే మా నాన్నని కన్నతల్లికి, అప్పజెప్పి వెళ్లాడు. రైల్వేలో ఉద్యోగమొచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాడని విన్నాం గాని పెట్టె కోసం మాత్రం రాలేదు. మామ్మ మాటిస్తే ఇచ్చినట్టే. ఆవిడ పోయాక ఆ మాట నాకు వారసత్వంగా వచ్చింది.

అప్పట్లో మేముండేది టెక్కలిలో కాలేజీ వెనక వీధిలో. దానికి వేరే పేరు లేదు, ఉత్తరాల మీద కూడా అలాగే రాసేవారు. కొన్ని పెంకుటిళ్లు, కొన్ని తాటాకిళ్లు, ఇంటికొక పెరటి గది, గదికి ముగ్గురో నలుగురో కుర్రాళ్లు, దండేల మీద ఎప్పుడూ ఆరని లుంగీలు, వానాకాలంలో మోకాటిలోతు బురద. అందులో అందమేమీ లేదని ఇప్పుడంటారు గాని, మాకు అంతకన్నా గొప్ప ఊరు భూమ్మీద లేదు. సోమవారం పొద్దున్న ఉద్దానం బస్సు దిగి కుర్రాళ్లు వస్తూంటే వీధి వీధంతా వాసన మారిపోయేది. ఒకడి భుజం మీద పనసకాయ, ఒకడి సంచిలో కొబ్బరికాయలు, చేపలవాళ్ల పిల్లల దగ్గర పాత పేపర్లో చుట్టిన ఎండు చేపలు, పరీక్షల రోజులొచ్చేసరికి అందరి జేబుల్లోనూ జీడిపిక్కలే. వాటితో మేం వీధిలో గిరి గీసుకుని పిక్కలాట ఆడేవాళ్లం. ఓడినవాళ్లు పొయ్యిలో కాల్చి, గెలిచినవాళ్లకి ఒలిచి పెట్టాలి. ఆ జీడి సొన తగిలి మూతి చుట్టూ బొబ్బలెక్కిన మా మొహాలు చూసి మామ్మ "ఓలమ్మో, కోతి పిల్లల్లాగున్నారే!" అని నవ్వి, కొబ్బరినూనె రాసేది. జలంత్రకోట నుంచొచ్చిన ఒక కుర్రాడి తల్లయితే, వాడి సామానంతా దింపి, మామ్మ చెయ్యి పట్టుకుని, "మా ఊరి నీల్లు మంచివి కావంతన్నారు. మీ నూతి నీల్లు ఆడిసేత కడుపునిండా తాగించు తల్లీ" అని చెప్పి వెళ్లింది. మామ్మ ఆ కుర్రాడు కనిపిస్తే చాలు, చెంబెడు నీళ్లు ఇచ్చి ఎదురుగా నిలబడి తాగించేది.

మామ్మ మా వసారాలో మెస్సు నడిపేది. బోర్డూ లేదు, బల్లలూ లేవు. చాపలు, విస్తరాకులు, పొయ్యి మీంచి దింపని ఉలవచారు, పనసపొట్టు కూర, వంకాయలో వేసిన నెత్తళ్లు, చలికాలంలో పొద్దున్నే పొగలు కక్కే చోడి అంబలి, నాగులచవితికి చిమ్మిలీ చలిమిడీ. ముప్పై మంది కుర్రాళ్లు వంతులవారీగా తినిపోయేవారు. ఈ మెస్సంతా నడిచింది ఒక కన్నం మీద. కాలేజీ ప్రహరీగోడ మా ఇంటికి సరిగ్గా ఎదురుగా ఉండేది. దానికి ఎప్పుడు ఎవరు కొట్టారో తెలియని కన్నం ఒకటుండేది. ఎనిమిదేళ్ల నేను నిటారుగా వెళ్లిపోయేదాన్ని, ఆరడుగుల గురుమూర్తి మాత్రం నడుం రెండుగా మడిచి దూరేవాడు. మధ్యాహ్నం గంట కొడితే ఆ కన్నంలోంచి ముందు ఒక తల, తర్వాత పుస్తకాలు, ఆ తర్వాత మనిషి! మామ్మ గరిట చేత్తో పట్టుకునే, ఎవరని చూడకుండానే, రోజుకి ముప్పైసార్లూ అరిచేది: "తల వంచుకోండ్రా, బుర్ర పగిలిపోగలదు!"

కన్నం లేకపోతే పెద్దగేటు నుంచి చుట్టూ తిరిగి రావాలి. చెరువుగట్టు మీదుగా మైలున్నర. అంత నడిచి ఎవడొస్తాడు? గేటు దగ్గరే నాలుగు హోటళ్లున్నాయి.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న తాపీమేస్త్రి. దారం వేసి చూస్తే వెంట్రుకవాసి తేడా రాని గోడలు కట్టిన మనిషి. కాలేజీలో పగుళ్లూ లీకులూ అన్నీ ఆయనే చూసేవాడు. ఏడాదికోసారి కాలేజీకి తనిఖీకి వచ్చేవారు కాబట్టి, ఏడాదికోసారి ఆ కన్నం మూసే పని నాన్న మీద పడేది. తన తల్లి మెస్సుకున్న దారిని తన చేత్తో మూయాలన్నమాట. నాన్న దానికొక ఉపాయం కనిపెట్టాడు. ఇటుకలు నీటుగా పేర్చేవాడు, కాని మధ్యలో సిమెంటు బదులు ఉత్త బంకమట్టి. పైన సున్నం పూత. తనిఖీవాళ్లు దూరం నుంచి చూసి తలూపి వెళ్లిపోయేవారు. వాళ్ల జీపు మలుపు తిరిగిందో లేదో గురుమూర్తి భుజంతో ఒక్క తోపు తోసేవాడు, గోడ దభీమని కూలేది, మేం చప్పట్లు కొట్టేవాళ్లం. "నీ గోడకి నా బుజం దండగ మావా, దగ్గితే సాలు పడిపోతాది" అని గురుమూర్తి ఏడిపిస్తే, నాన్న పైకి నవ్వినా లోపల మాత్రం ఉడుక్కునేవాడు. మంచి పనివాడికి చెడ్డ గోడ కట్టడం ఎంత కష్టమో నాకప్పుడు తెలియదు.

కార్తీక సోమవారాల్లో వీధంతా కలిసి, కుర్రాళ్లని కూడా వెంటేసుకుని, రావివలస నడిచివెళ్లేవాళ్లం. అక్కడ ఎండల మల్లన్న కప్పు లేకుండా ఆకాశం కింద ఉంటాడు, గుడి కట్టబోతే నిలవనివ్వడని పెద్దలు చెబుతారు. తడిబట్టలతో క్యూలో నిలబడి మామ్మ నా చెవిలో "మన కన్నం కూడా మల్లన్నలాటిదేనే అమ్మీ. ఎన్నిసార్లు మూసినా నిలబడదు" అంది. నేను నమ్మేశాను. దేవుడి ముందు అన్న మాట కదా!

ఆ మరుసటి ఏడాదే కొత్త ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. కృష్ణా జిల్లా ఆయన, ఇస్త్రీ మడత నలగని మనిషి. రేపు తనిఖీ అనగా ఆ రోజు పొద్దున్నే నాన్నని పిలిపించి, కిందటేడు కూలిన గోడలోంచి మట్టి అంటిన ఇటుకొకటి చేతిలో పట్టుకుని, "ఏమయ్యా మేస్త్రీ, ఇది గోడా, అప్పడమా?" అని అడిగారు. సిమెంటు ఆయనే తెప్పించారు. కట్టినంతసేపూ దగ్గరే కూర్చుంటానన్నారు. నాన్న ఇంటికొచ్చి తల్లి మొహం చూడలేక నేల చూస్తూ, "ఏటి సెయ్యనమ్మా, ఆయన కదల్నంటన్నాడు. ఈసారి గోడ నిలబడిపోద్ది" అన్నాడు. మామ్మ మర్నాటికి తవ్వతో బియ్యం కొలుస్తోంది. సగంలో ఆగిపోయి, కొలిచిన బియ్యం వంక చూసి, మళ్లీ డబ్బాలో పోసేసింది. ఆవిడ అలా చెయ్యడం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అయినా ఇంటికొచ్చినవాడికి అన్నం పెట్టకుండా ఉంటుందా! కాలేజీ వైపు నిప్పులు చెరిగే ఎండ, మా వైపు నేరేడుచెట్టు నీడ. ప్రిన్సిపాల్‌గారు ఓ గంట చూసి, నాన్న ఇంకా పాత అంచులు చెక్కుతూండగానే ఆ కన్నంలోంచే మా వైపు వచ్చారు. మామ్మ అలవాటు కొద్దీ "తల వంచుకోండ్రా" అని అరిచేసి, ఎవరో చూసుకుని నాలిక్కరుచుకుంది. ఆయన మా అరుగు మీద కూర్చున్నారు. మధ్యాహ్నమయ్యేసరికి ఉలవచారు వాసన ఆయన్ని మా వసారాలోకి తెచ్చింది. మొదట వద్దన్నారు, తర్వాత కొంచెం చాలన్నారు, ఆ తర్వాత మూడోసారి చారు వేయించుకున్నారు. నాన్న మాత్రం ఎవరి వంకా చూడకుండా ఇటుక మీద ఇటుక పెడుతూనే ఉన్నాడు. ఆ రోజు కట్టినంత మంచి గోడ ఆయన జీవితంలో కట్టలేదని ఇప్పటికీ చెబుతాడు.

చివరి ఇటుక పెట్టి, తాపీ తుడుచుకుని, నాన్న ఇలా పక్కకి జరిగాడో లేదో, అటునుంచి కాలేజీ అటెండరు కేక: "సార్! సార్! పెద్దోల్లొచ్చేసినారు! రేపని సెప్పి ఇయేలే వొచ్చేసినారు! జీపు గేటుకాడుంది!"

ప్రిన్సిపాల్‌గారు విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, గబగబా కన్నం దగ్గరికి నడిచారు. కన్నం లేదు. ఆయన కాలేజీకి ఇవతల ఉండిపోయారు! చిత్రమేమిటంటే, పొద్దుటి నుంచీ ఇంతమందిమి అక్కడే ఉన్నాం, గోడ మూసేస్తే ఆయన ఎటు వెళ్తారని ఒక్కరికీ తట్టలేదు. కన్నం లేని రోజు ఎలా ఉంటుందో మా వీధిలో ఎవరికి తెలుసు? అటు వెళ్లాలంటే కన్నంలోంచి వెళ్తాం, అంతే.

"ఇప్పుడెలా?" అన్నారాయన.

మామ్మ కొంగు బిగించుకుని ముందుకొచ్చింది. "పెద్దగేటు నుంచి ఎల్లండి బాబూ. చెరువుగట్టు మీంచి మైలున్నరే. రేపట్నించి మా కుర్ర గుంటలు అలాగే కదా నడవాల, రోజుకి రెండుసార్లు" అంది. వెటకారం లేదు, కోపమూ లేదు. కళ్లు మాత్రం నిండిపోయాయి.

ఆయన కిందటి రాత్రి వానకి బురదగా ఉన్న గట్టు వంక చూశారు, తన బూట్ల వంక చూశారు, విస్తరి వంక చూశారు. "తియ్యండి" అన్నారు.

"సిమెంటు బాబూ" అన్నాడు నాన్న, ప్రాణం పోతున్నట్టు. "తమరే ఎయ్యమన్నారు."

"తియ్యమంటుంటే!"

గురుమూర్తి అన్నం కలుపుతున్నవాడు ఎంగిలి చేత్తోనే లేచాడు. సిమెంటు ఇంకా పచ్చిది. మూడు తోపులు తోశాడు, నాలుగో తోపుకి నాన్న జీవితంలోకెల్లా మంచి గోడ ధడేల్మని పడింది. ప్రిన్సిపాల్‌గారు అందులో దూరబోతుంటే మామ్మ, నేను, మెస్సులో కుర్రాళ్లు, వీధి వీధంతా ఒక్క గొంతుతో అరిచాం: "తల!" ఆయన వినయంగా వంచారు. ప్రహరీ పని స్వయంగా చూసుకుంటున్న ప్రిన్సిపాల్ అని తనిఖీవాళ్లు తెగ మెచ్చుకున్నారని అటెండరు సాయంత్రం వచ్చి చెబితే, పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. మామ్మ డబ్బాలోంచి బియ్యం మళ్లీ తీసి కొలిచింది. ఆ తర్వాతి ఏడాది తనిఖీ ముందు ప్రిన్సిపాల్‌గారు నాన్నని పిలిచి మెల్లిగా, "మట్టితోనే కానియ్యి మేస్త్రీ" అన్నారట.

మా వీధిని చివరికి ఏ ప్రిన్సిపాలూ మూయలేదు. కాలేజీ లోపల హాస్టలు కట్టారు. ఉద్దానం ఊళ్లకి గేటు దాకా బస్సులు పడ్డాయి, పొద్దున వచ్చిన పిల్లలు సాయంత్రానికి ఇంట్లో ఉంటున్నారు. హైవే పక్కన కొత్త కాలేజీలు వెలిశాయి, వాటి బస్సులు వాటికున్నాయి. పిల్లలకి మంచిదే, కాదని నేనెలా అంటాను? పెరటి గదులు ఒక్కొక్కటే ఖాళీ అయ్యాయి. అద్దె లేని గదికి ఎవరు పెంకులు నేయిస్తారు? కొందరు విశాఖ వెళ్లిపోయారు, కొందరు అమ్ముకున్నారు. మామ్మ ఆఖరి రోజుల్లో ఇద్దరే తినేవారు, అయినా ముప్పై మందికి సరిపోయే గొంతుతో "తల!" అని అరిచేది. ఆవిడ పోయాక నాన్నని పలాస తెచ్చుకున్నాను.

మొన్న టెక్కలిలో మా స్థలం చూసుకుందామని నాన్నా నేనూ వెళ్లాం. వీధిలో రెండిళ్లలోనే మనుషులున్నారు. మా వసారా కూలిపోయింది, పెరటి గదిలో బొప్పాయి చెట్టు కాసి ఉంది. నేరేడు కింద నిలబడి ఎదురుగా చూస్తే కన్నం లేదు. నాన్న ఆఖరిసారి ఏ తనిఖీకో పేర్చిన ఇటుకలు అలాగే ఉన్నాయి. సున్నం రాలి, మట్టి మీద నాచు పట్టి, చెక్కుచెదరకుండా!

నాన్న దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డాడు.

"బాగా కట్టావు నాన్నా, ఇన్నేళ్లు నిలబడింది" అన్నాను.

"బాగా కట్టడమేటే! ఉత్త మట్టిది" అన్నాడు. "తోసినోడు లేక నిలబడింది."

ఏం చేస్తున్నానో నాకే తెలియలేదు. చీరకొంగు దోపుకుని, గురుమూర్తిని తలుచుకుని, యాభై దగ్గర పడుతున్న నా భుజంతో ఒక్క తోపు తోశాను. దభీమని పడింది. దుమ్ము సర్దుకునేసరికి అటుపక్క చెట్టుకింద డబ్బాలో అన్నం తింటున్న కాలేజీ పిల్లొకతె స్పూను గాల్లో పట్టుకుని నోరు తెరిచి మమ్మల్ని చూస్తోంది. భయం పోయాక లేచి దగ్గరికొచ్చి, కన్నంలోంచి తొంగిచూసింది.

"అటుపక్క ఏటుందండీ?" అనడిగింది.

నాన్న మొహం వెలిగిపోయింది. ఇటుకలు కాలితో పక్కకి నెట్టి, దారి చేసి, చెయ్యి చాపాడు.

"సూద్దువుగాని, రా తల్లీ. తల మాత్రం వంచుకో, బుర్ర పగిలిపోగలదు."