పొట్టలు నిమిరే చెయ్యి

మా తోడికోడలంటే నాకు ఇష్టం లేదు. ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, పడితే పడనివ్వండి.

ఆవిడ ఆస్పత్రిలో స్కానింగ్ చేస్తుంది. పదిహేడేళ్ళుగా అదే కిటికీ లేని గది, అదే తిరిగే స్టూలు. మనుషుల ఒంటి మీద జిగురు పూసి, చేతిలోని పరికరం ఆనించి, లోపలేముందో తెర మీద చూస్తుంది. రోజుకి ముప్ఫై మంది. కుడి భుజం పట్టేసి, ఇంట్లో పై అరలో డబ్బా కూడా ఎడమ చేత్తోనే దించుతుంది. ఏం కనిపించిందని ఎవరడిగినా "డాక్టరు గారు చెబుతారు" అని తప్ప పెదవి విప్పదు. ఇంట్లోనూ అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అక్కా అని అడిగితే, రిపోర్టు రాయబోతున్నట్టు కాసేపు ఆలోచిస్తుంది.

ఆవిడ కాపురానికొచ్చిన మొదటి వారంలోనే మా అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయిందట. "ఊళ్ళోవాళ్ళ పొట్టలన్నీ నిమిరిన చేత్తో నాకు అన్నం పెడతావా" అందట. అక్క మారు మాట్లాడకుండా గరిటె కింద పెట్టేసింది. మళ్ళీ ముట్టుకోలేదు. రెండేళ్ళ తర్వాత నేను కోడలిగా వచ్చేసరికి ఆ గరిటె నాకోసం సిద్ధంగా ఉంది. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంటి వంటంతా నా నెత్తినే. నా కోపంలో సగం అత్తగారి మీద, సగం ఆ రోజు నోరెత్తని అక్క మీద.

ఈమధ్య అత్తగారికి అక్క పనిచేసే ఆస్పత్రిలోనే గుండెలో కవాటం మార్చారు. ఆపరేషన్ అయిన రెండో రోజు మధ్యాహ్నానికి, మంచం పక్కన వేలాడే సంచిలో మూత్రం రావడం తగ్గిపోయింది. నర్సు గంట గంటకూ కొలిచి రాసే అంకె దిగిపోతోంది. కిడ్నీలు దెబ్బ తింటున్నాయేమోనని వార్డు డాక్టరు స్కాన్ రాశాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది అక్క ఒక్కతే. ఆవిడ మెషీన్ తోసుకుంటూ గదిలోకి రాగానే మా ఆయనా, బావగారూ కాఫీ నెపంతో కిందికి జారుకున్నారు. ఆ అన్నదమ్ముల ధైర్యం నాకు కొత్తేం కాదు.

ఆపరేషన్ చేసిన సర్జన్ అప్పుడే వచ్చాడు. "పొద్దున రక్తపరీక్ష బాగానే ఉందిగా. ఇప్పుడీ హడావిడి దేనికి?" అన్నాడు.

"రక్తంలో తెలిసేసరికి ఒకటి రెండు రోజులు పడుతుంది సార్. అప్పటికే ఆలస్యమైపోతుంది" అంది అక్క.

"నాకు పాఠం చెబుతున్నారా? తొందరగా కానివ్వండి."

అత్తగారు కళ్ళు తెరిచి చూసింది. "ఇదా? ఇంత పెద్ద ఆస్పత్రిలో ఇంకెవరూ దొరకలేదా?"

అక్క జిగురు సీసాని చల్లదనం పోయేదాకా అరచేతుల మధ్య పట్టుకుంది. అత్తగారి వీపు కింద దిండు పెట్టి కాస్త పక్కకి వాల్చింది. తెర మీద కిడ్నీ కనిపించింది. కానీ అందులో రక్తం ఎలా పారుతోందో కొలవాలంటే అది కదలకూడదట. ఊపిరి తీస్తే కదులుతుంది, మాట్లాడితే ఇంకా కదులుతుంది.

"గట్టిగా పీల్చక్కర్లేదు అత్తయ్యా. ఉన్న ఊపిరి ఉన్నట్టే బిగపట్టండి. ఐదు సెకన్లు చాలు."

మా అత్తగారిది ఎడ్డెమంటే తెడ్డెం. పైగా చెప్పిందెవరు? "నువ్వాపమంటే ఆపడానికి ఇదేమన్నా ఫ్యానా?" అంది. ఎదమీద కుట్లు పట్టుకుని, రొప్పుతూ కూడా తిట్టింది. చెయ్యి చల్లగా ఉందంది. అక్క పెళ్ళినాటి చీర రంగు దాకా వెళ్ళింది. తెర మీద గీతలు చెదిరిపోతున్నాయి. ఐదుసార్లు ప్రయత్నించినా ఒక్కటీ నిలవలేదు.

"రాకపోతే రాలేదని రాసేయండి" అన్నాడు సర్జన్ వాచీ చూసుకుంటూ. అలా రాసేస్తే మళ్ళీ రక్తపరీక్ష వచ్చేదాకా ఆ కిడ్నీని పట్టించుకునే నాథుడుండడు. ఆ సంగతి నాకే అర్థమైంది.

అక్క పరికరం తియ్యలేదు. తెర మీంచి చూపు కూడా తిప్పలేదు.

"మీరు పోతే బావుండునని నేను చాలాసార్లు అనుకున్నాను అత్తయ్యా" అంది, ఉప్పు సరిపోయిందన్నంత మామూలుగా. "మీరు పోతే నాకు చుక్క కన్నీరు రాదు."

అత్తగారు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. మాట లేదు, ఊపిరీ లేదు. తెర మీద గీతలు ఒక్కసారిగా కుదురుకుని కొండల్లా వరసగా నిలబడ్డాయి. అక్క బొమ్మని అక్కడే ఆపి, మూడుసార్లు కొలిచింది.

"ఇక వదలండి" అంది.

తర్వాత సర్జన్ వైపు తిరిగింది. "గుండె కొట్టుకున్నప్పుడల్లా కొండ లేచి, వాలు నెమ్మదిగా దిగాలి సార్. ఇక్కడ లేచినట్టే లేచి తెగిపడుతోంది. కిడ్నీకి రక్తం సరిగ్గా అందడం లేదు." డాక్టరు గారు చెబుతారు అనని అక్కని నేను చూడడం అదే మొదలు.

సర్జన్ మొహం మాడిపోయింది. కానీ బొమ్మ ఎదురుగా ఉంది. అప్పటికప్పుడు కిడ్నీలకి పడని నొప్పి ఇంజెక్షన్ ఆపించి, రక్తపోటు పెంచే మందు మార్చాడు. మర్నాటి రక్తపరీక్షలో అక్క అన్నట్టే తేడా కనిపించింది. అయితే అది ముదరలేదు. రక్తం శుద్ధి చేసే మెషీన్ దాకా వెళ్ళకుండా గట్టెక్కింది అత్తగారు. తానే ముందు జాగ్రత్త పడ్డానని సర్జన్ మా ఆయనతో చెప్పుకున్నాడు.

పది రోజులకి, ఇంటికి పంపే ముందు రెండు కిడ్నీలకీ మళ్ళీ స్కాన్ అన్నారు. చక్రాల కుర్చీలో అత్తగారిని ఆ కిటికీ లేని గదికి నేనే తోసుకెళ్ళాను. ఆ పది రోజుల్లో ఆవిడ అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు.

పడుకోబెట్టాక అడిగింది. "ఆ రోజు నువ్వన్నది నిజమేనా?"

"ఊపిరి బిగపట్టండి" అంది అక్క.

బిగపట్టింది. ఒకరు చెప్పిన మాట ఆవిడ వినడం నేను అంతవరకూ చూడలేదు. తెర మీద కొండ లేచింది, వాలు నెమ్మదిగా దిగింది.

"వదలండి" అంది అక్క. బొమ్మ కొలుచుకుని, "నిజమే" అంది.

నేను గోడకి అతుక్కుపోయాను. అత్తగారు బల్ల అంచు పట్టుకుని, మూలుగుతూ, తనంతట తనే అటు తిరిగి అక్కకి వీపు ఇచ్చింది.

"రెండోది కూడా చూడు" అంది.