శాకాహార వ్యాన్‌లో కోడిగుడ్డు వాసన

కరోనా ఆంక్షలు ఎత్తేసిన మరుసటి ఎండాకాలంలో నన్ను ఉప్పల్ షోరూం నుంచి నాచారం పారిశ్రామికవాడలోని మా వర్క్‌షాపుకు వర్క్స్ మేనేజరుగా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. అధీకృత సర్వీస్ సెంటర్లలో పని ఒక వరుసలో నడుస్తుంది. బండి రాగానే సర్వీస్ అడ్వైజర్ కస్టమరు చెప్పింది విని జాబ్ కార్డు రాస్తాడు. ఫ్లోర్ సూపర్‌వైజర్ దాన్ని మెకానిక్కుకు అప్పగిస్తాడు. లోపం తేలకపోయినా, కస్టమరు గొంతు పెరిగినా ఆ కార్డు వర్క్స్ మేనేజరు బల్ల మీదికి వస్తుంది. కస్టమరు మాటను మార్చకుండా ఉన్నదున్నట్టు రాయాలన్నది అడ్వైజర్లకు మేం నేర్పే మొదటి పాఠం. ఆ పాఠం బాగా ఒంటబట్టిన కొత్త అడ్వైజర్ ఒకతను ఓ పొద్దున తెచ్చిన కార్డులో ఇలా ఉంది: "బండిలో కుళ్ళిన కోడిగుడ్డు వాసన. మరిది మీద అనుమానం." దీన్ని ఇంజను పద్దులో రాయాలా, బాడీ పద్దులో రాయాలా అన్నది అతని సందేహం.

బండి పాత పెట్రోలు మినీ వ్యాను. చివరి వరస సీటు తీసేసి అక్కడ వంట గిన్నెలు పెట్టుకునే ఏర్పాటు చేశారు. యజమానురాలు వరలక్ష్మి గారు శాకాహార భోజనాల కాంట్రాక్టరు. పెళ్ళిళ్ళకు, వ్రతాలకు వండి పంపుతారు. వ్యాను నడిపేది ఆమె భర్త తమ్ముడు శ్రీనివాస్. ఇద్దరూ కలిసే వచ్చారు కానీ, రిసెప్షన్‌లో ఒకరు ఈ గోడకు, ఒకరు ఆ గోడకు కూర్చున్నారు.

"మా వంటల ఉల్లిగడ్డ గూడ అడిగినోళ్ళకే ఏస్తం సార్," అన్నారామె. "గసొంటిది మొన్న ఘట్‌కేసర్ల పెండ్లికి పోతే, పెండ్లిపిల్ల తాత వ్యాన్ కాడ నిలవడి ముక్కు మూసుకున్నడు. బండి గేటు బయటికి పోతెగాని ముద్ద ముట్టనన్నడు. కర్పూరం పెట్టిన, నిమ్మకాయలు పెట్టిన, సాంబ్రాణి ఏసిన. పోతలేదు. మా మరిది డ్యూటీ మీద ఎక్కడ ఆమ్లెట్లు తింటుండో అడుగున్రి."

శ్రీనివాస్ లేచి నా దగ్గరికి వచ్చి, "మా వదినకు జెప్పున్రి సార్, నేను బండ్ల కూసోని చాయ్ గూడ తాగ," అన్నాడు. వదిన అతనికి రెండు బారల దూరంలో ఉంది.

ఆరోపణ ఒక్కటే కాదు. వ్యాను పెట్రోలు విపరీతంగా తాగుతోందట. మరిది దారిలో తీసి అమ్ముకుంటున్నాడని ఆమె అనుమానం. వీటన్నిటికీ మించి ఆదివారం సైనిక్‌పురిలో గృహప్రవేశం భోజనాల ఆర్డరు ఉంది. ఘట్‌కేసర్ కబురు ఆ ఇంటివాళ్ళకు చేరింది. ఆ ఇంటి పెద్దావిడ స్వయంగా వచ్చి వ్యాను ఎక్కి వాసన చూస్తాననీ, ఆ తర్వాతే ఆర్డరు ఖాయమనీ చెప్పి పంపింది. ఈ ఆర్డరు పోతే ఆ కాలనీలో ఇంకెవరూ పిలవరని వరలక్ష్మి గారి భయం.

వాసన గురించి ఫిర్యాదు వస్తే కస్టమరును పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి చూడాలన్నది మా పద్ధతి. శ్రీనివాస్ నడిపాడు, నేను పక్క సీట్లో, వరలక్ష్మి గారు వెనక. నాచారం నుంచి ఉప్పల్ దాకా ఏమీ లేదు. మెట్రో పిల్లర్ల మధ్య ట్రాఫిక్‌లో ఆగి, ఆగి, కదిలేసరికి వచ్చింది. అనుమానం అక్కర్లేదు, అచ్చంగా కుళ్ళిన గుడ్డు. ముగ్గురం కిటికీలు దించాం. వరలక్ష్మి గారు మొదట మరిదిని చూశారు. తర్వాత, మొహమాటపడుతూనే, నన్ను చూశారు.

"సార్, ఏమనుకోకున్రి. పొద్దుగాల మీరేం తిన్నరు?"

పెసరట్టు తిన్నానని చెప్పాను. ముప్ఫై ఏళ్ళ పైబడిన సర్వీసులో కస్టమరుకు నేనిచ్చిన సంజాయిషీ అదొక్కటే.

వర్క్‌షాపుకు తిరిగొచ్చాక వ్యానును లిఫ్టు ఎక్కించి కింద తట్టి చూస్తే, సైలెన్సరుకు ముందుండే ఉక్కు డబ్బాలో గులకరాళ్ళ చప్పుడు వినిపించింది. అది క్యాటలిటిక్ కన్వర్టర్. లోపల తేనెపట్టులా సన్నని రంధ్రాలున్న పింగాణీ దిమ్మ ఉంటుంది. దానికి ప్లాటినం జాతి లోహాల పూత ఉంటుంది. ఇంజను వదిలే విషవాయువులను తగ్గించడం దాని పని. ఇక్కడ దిమ్మ సగం కరిగి, సగం విరిగింది. అయితే కన్వర్టర్ ఊరికే చావదు. ఎందుకు చచ్చిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ కొన్నాళ్ళకు అదే దారి పడుతుంది. ఇంజను కంప్యూటరు లెక్కలు చదివే స్కానరు తగిలించాం. బయట ఎండకు మా రేకుల షెడ్డు పెనంలా కాలుతోంది. ఇంజను కంప్యూటరు మాత్రం తాను పుష్యమాసపు తెల్లవారుజామున ఉన్నాననుకుంటోంది. వేడిని కొలిచి చెప్పే చిన్న సెన్సరు పాడై, ఇంజను ఇంకా చల్లగానే ఉందని అబద్ధం చెబుతోంది. దాంతో కంప్యూటరు అవసరానికి మించి పెట్రోలు పోస్తోంది. కాలకుండా మిగిలిన పెట్రోలు కన్వర్టర్‌లో మండి దిమ్మను కరిగించింది. పెట్రోలులో ఉండే కొద్దిపాటి గంధకమే గుడ్డు వాసనై బయటికొస్తోంది.

ఇదంతా విని వరలక్ష్మి గారు, "అంటే పెట్రోల్ గూడ గదే తాగిందా?" అన్నారు. అదే తాగిందన్నాను. శ్రీనివాస్ చొక్కా కాలరు సరిచేసుకున్నాడు.

సెన్సరు చవకలోనే అయిపోయింది. కంపెనీ కన్వర్టర్ ధర విన్నాక ఆమె, "గా పైసలతోని గిసొంటి వ్యాన్ ఇంకోటి వస్తది," అన్నారు. అతిశయోక్తి కాదు. శ్రీనివాస్ స్నేహితుడెవరో డబ్బా కోసి, దిమ్మ తీసేసి, ఖాళీ డబ్బా అతికిస్తే సరిపోతుందని సలహా ఇచ్చాడట. కొందరు చేస్తారు కానీ అది చట్టవిరుద్ధం. పొల్యూషన్ పరీక్షలోనూ దొరికిపోతుంది. పాత సామాన్ల దుకాణంలో దొరికేదీ వద్దన్నాను. అది ఏ బండిలో ఎందుకు చచ్చిందో ఎవరికీ తెలియదు.

మిగిలిన దారి ఒకటే. పాత పైపు చివర్లలోని బిగింపు పళ్ళేలను అలాగే ఉంచి, మధ్యలోని డబ్బాను కోసేసి, ఇంజను సైజుకూ, బండి కాలపు కాలుష్య ప్రమాణానికీ సరిపడే కన్వర్టర్‌ను వెల్డింగ్ చేయించడం. బయటి కంపెనీలు తయారుచేసే ఇవి గ్యారంటీతోనే వస్తాయి, ధర చాలా తక్కువ. కానీ బయటి భాగాలు మా వర్క్‌షాపులో బిగించకూడదు. అందుకని సెన్సరు మార్చి, కన్వర్టర్ కస్టమరు వద్దన్నారని రాసి కార్డు మూసేశాను. డ్యూటీ దిగాక వాళ్ళను ఉప్పల్‌లో సైలెన్సర్ల పని చేసే ఖాదర్ భాయ్ షాపుకు తీసుకెళ్ళాను.

పాత కన్వర్టర్ పారేయకూడదు. కరిగినా పూతలోని లోహాలు ఎక్కడికీ పోవు. ఇనుప సామాన్లవాడు దాన్ని తూకానికి అడుగుతాడు, ఇస్తే నష్టం. దాన్ని షాపులోనే ఇచ్చి కొత్తదాని ధరలో తగ్గించమని అడగాలి. ఈ సంగతి చెప్పగానే శ్రీనివాస్ ఆ మసి డబ్బాను చంకనెత్తుకుని, బేరం తెగేదాకా దించలేదు. బేరం వరలక్ష్మి గారు చేశారు. మార్కెట్లో గుమ్మడికాయను చూసినట్టు కొత్త కన్వర్టర్‌ను తిప్పి చూసి, లోపలికి తొంగి చూశారు.

"ఏంది భాయ్, అన్నీ బొక్కలే ఉన్నయి గద. బొక్కలకు గూడ పైసలా?"

"గా బొక్కలకే పైసలమ్మా," అన్నాడు ఖాదర్ భాయ్. "బొక్కలు లేకుంటే గది ఉత్త డబ్బా."

ఆమె నా వైపు చూస్తే నిజమేనన్నాను. అయినా ఇంకొంత తగ్గించారు. మరునాడు పొల్యూషన్ పరీక్షలో వ్యాను పాసయ్యింది.

శనివారం సైనిక్‌పురి పెద్దావిడ వరలక్ష్మి గారింటికి వచ్చింది. నన్నూ రమ్మన్నారు కాబట్టి నేనూ ఉన్నాను. ఆమె వ్యాను ఎక్కి, కిటికీలు మూయించి, కళ్ళు మూసుకుని కూర్చుంది. శ్రీనివాస్ ఆగుతూ, కదులుతూ కాలనీ చుట్టూ తిప్పి తీసుకొచ్చాడు. దిగి, "వాసన అయితే ఉన్నది," అంది. వరలక్ష్మి గారి ముఖం పాలిపోయింది.

"ఇంగువ," అంది పెద్దావిడ. "మంచి ఇంగువ. పులిహోరల గదే ఎయ్యున్రి."

ఆమె వెళ్ళాక వరలక్ష్మి గారు వంటింటి గడపలో నిలబడి నాతో అన్నారు. "సార్, మా మరిదికి జెప్పున్రి, పొద్దుగాల సంది ఏం తినలే. వచ్చి తినమనున్రి."

నేను చెప్పేలోపే అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

నన్ను సాగనంపడానికి గేటు దాకా వచ్చినప్పుడు శ్రీనివాస్ గొంతు తగ్గించాడు. "సార్, మీకు జెప్తే ఏం గాదు. చర్లపల్లి స్టేషన్ కాడ ఎప్పుడన్న గుడ్డు బజ్జీ తింట. గని బండి దిగి తింట."

ఫిర్యాదు బండి గురించి కాబట్టి నేను ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కొత్త అడ్వైజర్లకు పాఠం చెప్పేటప్పుడు రెండు మాటలు అదనంగా చెప్పేవాణ్ణి. పోయిన భాగం ఎందుకు పోయిందో తేలేదాకా కొత్తది కొనిపించకూడదు. కార్డులో మనిషి మీద అనుమానం కనిపిస్తే ముందు స్కానరు తగిలించాలి. స్కానరు బండి సంగతి మాత్రమే చెబుతుంది, మనం కూడా అంతవరకే చెప్పాలి.