వెంట్రుకలు మొలిచిన చెయ్యి

మలికిపురంలో మడత చాకులు చేసే సూర్యాచారి గారి ఎడమ ముంజేతి మీద నలభై ఏళ్లుగా ఒక్క వెంట్రుక లేదు. పదును పెట్టిన ప్రతి చాకునూ అక్కడే గీసి చూసేవారు. వెంట్రుక తెగని చాకు కొట్టు దాటేది కాదు.

కొనేవాళ్లు కరువయ్యాక, ఓ రిసార్టు యజమాని వచ్చి డజను చాకులు పురమాయించాడు.

"గోడకి తగిలించడానికండి. పదునొద్దండి, పిల్లలు తిరుగుతుంటారు."

"ఆయ్," అన్నారు ఆచారి గారు. ఇంకేమంటారు?

ఆ తర్వాత వచ్చినవన్నీ అలాంటి బేరాలే. మొన్న అన్నం వడ్డిస్తూ ఆయన భార్య మంగాయమ్మ ఆగిపోయింది.

"చేతి మీద వెంట్రుకలు మొలిచేయేంటండీ."

ఆయన ముద్ద వదిలేసి లేచారు. గొరిగేద్దామని కొట్లోకి వెళితే, అక్కడున్న చాకుల్లో తెగేది ఒక్కటీ లేదు.