నెహి నాకెవరూ నేర్పలేదు

అమ్మ శవం దగ్గర ఆడవాళ్లంతా రాగం తీసి శోకాలు పెడుతుంటే నేను గోడకు ఆనుకుని ఊరికే కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

"ఏటే, రాయినాగ కూకున్నావు? అది నీ తల్లి కాదేటి?" అని మేనత్త అందరి ముందూ అంది. పదకొండేళ్లయినా ఆ మాట నేను మరవలేదు.

మొన్న ఆదివారం భోగాపురం దగ్గరి మా చర్చిలో పాస్టరుగారు 'నెహి' అనే హీబ్రూ మాటకు అర్థం చెప్పారు. చనిపోయినవారి కోసం గొంతెత్తి చేసే విలాపమట. దాన్ని కూతుళ్లకు నేర్పమని బైబిల్లో ప్రవక్త ఆడవాళ్లకు చెప్పాడట.

బయటికొచ్చాక ఆ మేనత్తనే ఆపాను. "నాకెవులు నేర్పినారత్తా?"

"మీ యమ్మ తలమీద సేపల గంప దిగితే కదా నేర్పడానికి. రేపు సాయంత్రం రా, నాను నేర్పుతాను. నాకు ఆడపిల్లలు నేరు గదే."

చెప్పులేసుకుని వచ్చేశాను. సోమవారం వెళ్లలేదు.